వందో వరసకు పాట ఎలా చేరుతుంది?

వినాయక నిమజ్జనం రోజు ఊళ్లో రెండు మైకు హార్న్‌ల మధ్య ఎప్పుడైనా నిలబడ్డారా? అనౌన్సర్ ‘కొంచెం దారి ఇవ్వండి’ అని ఒక్కసారే అంటాడు. మీకు మాత్రం రెండుసార్లు వినిపిస్తుంది. దగ్గరి హార్న్ మాట ముందొస్తుంది, దూరపు హార్న్ మాట దాని వెనకాలే తోకలా వస్తుంది. ఇందులో మైకుసెట్ అబ్బాయి తప్పేమీ లేదు. వైరులో సిగ్నల్ రెప్పపాటు కూడా పట్టకుండా వెళ్లిపోతుంది. గాలిలో ధ్వని మాత్రం సెకనుకు సుమారు 343 మీటర్లే నడుస్తుంది. అదీ 20 డిగ్రీల దగ్గర. ఎండ ముదిరితే ఆ లెక్క కూడా మారిపోతుంది.

ఇంటర్ ఫిజిక్స్‌లో చదివి, ఎంసెట్‌లో ఓ బిట్‌కి వాడి, ఆ తర్వాత మర్చిపోయిన విషయమే ఇది. దీని చుట్టూ ఉద్యోగాలున్నాయని మాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. మీకూ చెప్పి ఉండరు. అందుకే ఓ వేసవి రోజు, ఓ కచేరీ గురించి కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు మా సంగతి. నేనూ, నా భార్యా హైదరాబాద్ శివారులో ఒకే కాలేజీలో ఈసీఈ చదివాం. ఇప్పుడు షికాగోలో ఉంటున్నాం. నాది ఐటీ ఉద్యోగం, హెచ్-1బీ వీసా. తను అక్కడే ఎంఎస్ పూర్తిచేసి ఓపీటీ మీద ఉద్యోగం వెతుకుతోంది. అమెరికాలో ఎంఎస్ ఆలోచన ఉన్నవాళ్లు ఓపీటీ గురించి ఒక విషయం గుర్తుపెట్టుకోండి. చదువయ్యాక 12 నెలలు పనిచేయడానికి అనుమతి ఇస్తారు. ఆ సమయంలో ఉద్యోగం లేకుండా ఉన్న రోజులన్నీ కలిపి 90 దాటకూడదు. శని, ఆదివారాలూ లెక్కలోకే వస్తాయి. తర్వాత స్టెమ్ పొడిగింపు దొరికితే ఇంకో 60 రోజులు కలుస్తాయి, కానీ ఆ పొడిగింపు కావాలంటే ముందు చేతిలో ఉద్యోగం ఉండాలి. భర్తకు హెచ్-1బీ ఉంది కదా, హెచ్-4కి మారిపోవచ్చు కదా అంటారు. మారొచ్చు. కానీ భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ ఓ దశకు చేరేదాకా ఆ వీసా మీద ఉద్యోగం చేయడానికి లేదు. ఈ నిబంధనలు మారుతుంటాయి కాబట్టి మీ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే ఆఫీసులో ఎప్పటికప్పుడు అడిగి తెలుసుకోండి.

మా ఫ్రిజ్ మీద ఓ క్యాలెండర్ ఉండేది. తను రోజూ పొద్దున్నే దాని మీద ఒక అంకె రాసేది. ఆ జులై శుక్రవారం రాసిన అంకె 58.

నేను సెలవు పెట్టాను. ఖర్చు లేకుండా ఇంట్లోంచి బయటపడాలి. పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో సర్దుకుని, ఓ దుప్పటి పట్టుకుని డౌన్‌టౌన్ రైలెక్కాం.

ఆకుల్లేని పందిరి

షికాగో నడిబొడ్డున మిలీనియం పార్క్ ఉంది. పైకి గడ్డి, చెట్లు కనిపిస్తాయి గానీ దాని కింద పార్కింగ్ గ్యారేజీ, రైల్వే లైన్లు ఉన్నాయి. అంటే అది నేల మీది పార్కు కాదు, ఓ పెద్ద డాబా మీది తోట. అందులో ఉన్న బహిరంగ వేదికే జే ప్రిట్జ్‌కర్ పెవిలియన్. ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ గెహ్రీ డిజైన్ చేస్తే 2004 జులైలో ప్రారంభమైంది. వేదిక చుట్టూ గాలికి రెపరెపలాడే రిబ్బన్లలా స్టీలు రేకులు పైకి లేచి ఉంటాయి. ముందు 4,000 సీట్లు, వాటి వెనక మరో 7,000 మంది కూర్చోగల పచ్చిక. వేదిక దక్షిణ ముఖం. వాస్తు పట్టింపున్న మా మామగారు ఫొటో చూసి మొదట అడిగిన ప్రశ్న అదే.

ఇక్కడ ప్రతి వేసవిలో గ్రాంట్ పార్క్ మ్యూజిక్ ఫెస్టివల్ జరుగుతుంది. 1935లో మొదలైన ఉచిత ఆర్కెస్ట్రా కచేరీల వరస ఇది. ముందు సీట్లలో కొన్నింటికి డబ్బు కట్టాలి, పచ్చిక మీద కూర్చుంటే పైసా అక్కర్లేదు. ఇంటి నుంచి తిండి తెచ్చుకోవచ్చు. పగలు జరిగే రిహార్సల్స్ కూడా కూర్చుని వినొచ్చు. మేం వెళ్లింది అందుకే. మధ్యాహ్నం రిహార్సల్, సాయంత్రం అసలు కచేరీ. రోజంతా గడిచిపోతుంది, జేబుకు చిల్లు పడదు.

పచ్చిక మీదికి అడుగుపెట్టగానే తల పైకెత్తుతారు. మొత్తం పచ్చికను కప్పుతూ స్టీలు పైపుల జాలీ ఒకటి వంపు తిరిగి ఉంటుంది. పొడవు 600 అడుగులు, వెడల్పు 300 అడుగులు. మన పెళ్లి పందిరికి గుంజలు, వాసాలు కట్టి తాటాకులు వేయడం మర్చిపోతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. నీడ ఏ కోశానా రాదు. ‘ఇంత ఇనుము వాడినోళ్లు ఓ గుడ్డ కప్పొచ్చుగా?’ అని తను విసుక్కుంది. ఆ జాలీ పని నీడనివ్వడం కాదు. దాన్నిండా స్పీకర్లు వేలాడుతున్నాయి.

అసలు చమత్కారం ఇక్కడే ఉంది. మామూలు మైదానంలో ఏం చేస్తారు? వేదికకు రెండు వైపులా పెద్ద స్పీకర్లు పెట్టి, చివరి వరసకు వినబడేంత గట్టిగా వాయిస్తారు. మామూలు స్పీకర్ నుంచి దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది. కాబట్టి వెనకవాళ్ల కోసం పెంచితే ముందువాళ్ల చెవులు చిల్లులు పడతాయి. 1990ల నుంచి వాడుకలోకి వచ్చిన లైన్ అరేలు ఈ ఇబ్బందిని కొంత తగ్గించాయి. పెద్ద కచేరీల్లో అరటిగెలలా వంపుగా వేలాడే స్పీకర్ల దండ చూస్తుంటారు కదా, అదే. ప్రిట్జ్‌కర్‌లో ఇంకో దారి పట్టారు. శబ్దాన్ని ఒకచోటి నుంచి దూరంగా విసిరే బదులు, జాలీ పొడవునా చిన్నచిన్న మోతాదుల్లో పంచారు. ఎక్కడ కూర్చున్నవాళ్లకి అక్కడి స్పీకర్ వడ్డిస్తుందన్నమాట.

కానీ అలా పంచితే నిమజ్జనం మైకుల సమస్య తిరిగొస్తుంది. మీ నెత్తి మీది స్పీకర్‌కి సిగ్నల్ వైరులో వచ్చేస్తుంది. వేదిక మీంచి అసలు శబ్దం గాలిలో నడిచి రావాలి. జాలీ చివర, అంటే 180 మీటర్ల దూరంలో కూర్చుంటే ఆ నడకకు అర సెకను దాటుతుంది. వేదిక మీద డప్పు ఒక్కసారి కొడితే మీకు రెండుసార్లు వినబడుతుంది. దీనికి మందు, ప్రతి వరస స్పీకర్లనూ దూరాన్ని బట్టి లెక్కగా ఆలస్యం చేయడం. దాన్నే డిలే అంటారు. డీఎస్పీ క్లాసులో మీరు బోర్డు మీద చూసిన జెడ్ మైనస్ ఎన్ ఉంది చూశారూ, అదే ఇక్కడ జాలీకి వేలాడుతోంది.

ఇంకో చిన్న కిటుకు ఉంది. డిలేని సరిగ్గా సమానం చేయరు. 10, 15 మిల్లీసెకన్లు ఎక్కువే పెడతారు. మన చెవికి ఓ అలవాటుంది. ఒకే శబ్దం రెండు దిక్కుల నుంచి కొద్ది తేడాతో వస్తే, రెండూ కలిపి ఒకటిగానే వింటుంది, కానీ ముందొచ్చిన దిక్కునే నమ్ముతుంది. 1949లో హెల్ముట్ హాస్ అనే జర్మన్ పరిశోధకుడు తన డాక్టరేట్‌లో దీన్ని కొలిచి చూపించాడు కాబట్టి హాస్ ఎఫెక్ట్ అనే పేరు స్థిరపడింది. వేదిక శబ్దం ఒక్క పిసరు ముందు వస్తే చాలు, గట్టిగా మోగేది నెత్తి మీది స్పీకరైనా, పాట వేదిక నుంచే వస్తున్నట్టు అనిపిస్తుంది.

దీనికి తోడు లారెస్ అనే వ్యవస్థ ఉంది. కచేరీ హాల్లో గోడలు, పైకప్పు శబ్దాన్ని తిప్పి పంపుతాయి. ఆ నిండుదనం ఆరుబయట ఉండదు. లారెస్ ఆ గోడల పనిని ప్రాసెసర్‌తో చేయిస్తుంది. కళ్లు మూసుకుంటే హాల్లో ఉన్నట్టుంటుంది. కళ్లు తెరిస్తే ఆకాశం, చుట్టూ అద్దాల మేడలు.

34 డిగ్రీలే కదా అనుకోవద్దు

ఆ రోజు మధ్యాహ్నం 34 డిగ్రీలు. ఇంటికి ఫోన్ చేసి చెబితే మా అమ్మ నవ్వింది. రామగుండంలో ఏప్రిల్ పొద్దుటి పూటే అంత ఉంటుంది మరి. కానీ విశాఖ, విజయవాడ వాళ్లకి వెంటనే అర్థమవుతుంది. 34 డిగ్రీల పొడి ఎండ వేరు, 34 డిగ్రీల ఉక్కపోత వేరు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో తేమ నిండుగా ఉంటే చెమట కారుతుంది తప్ప ఆరదు. 1995 జులైలో ఇదే షికాగోలో కొద్దిరోజుల వడగాడ్పులకు 739 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఇళ్లలో ఒంటరిగా ఉంటున్న వృద్ధులు.

రిహార్సల్ మొదలైన గంటకి తను మాట్లాడటం మానేసింది. ఉద్యోగం గురించి ఆలోచిస్తోందేమో అనుకున్నా. చేయి పట్టుకుంటే చల్లగా, జిగటగా ఉంది. ‘తల తిరుగుతోంది, కాళ్లు పట్టేశాయి’ అంది. ఇవి వేడికి ఒళ్లు అలిసిపోయిందని చెప్పే గుర్తులు. ఈ దశలో నీడకి తీసుకెళ్లి, పడుకోబెట్టి, ఉప్పూ పంచదార ఉన్న నీళ్లు గుక్కగుక్కగా పట్టిస్తే మనిషి తేరుకుంటుంది. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, ఒళ్లు కాలిపోతున్నా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. అప్పుడు నిమిషం కూడా ఆలస్యం చేయకుండా ఒళ్లు తడిపి చల్లబరుస్తూ అంబులెన్స్ పిలవాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు. క్యాంపస్ ఫెస్ట్‌లు మార్చిలో పెట్టే కాలేజీల విద్యార్థులు ఈ నాలుగు మాటలూ గుర్తుంచుకుంటే చాలు.

మా బ్యాగులో ఓఆర్ఎస్ ప్యాకెట్లున్నాయి. ఎండాకాలం అవి లేకుండా బయటికి పంపని ఇంట్లో పెరిగాను, అలవాటైపోయింది. పార్కులోనే ఇంకో మూల క్రౌన్ ఫౌంటెన్ ఉంది. 50 అడుగుల ఎత్తున్న రెండు గాజు ఇటుకల స్తంభాలు, వాటి మీద ఎల్ఈడీల్లో నగరవాసుల ముఖాలు. ఉన్నట్టుండి ఆ ముఖం నోట్లోంచి నీళ్లు ధారగా పడతాయి. కింద పిల్లలు కేరింతలు కొడుతుంటారు. చెట్టు నీడ చూసుకుని కూర్చుని, నీళ్లల్లో కాళ్లు తడుపుకుంటూ ముప్పావుగంట గడిపాం. ఓఆర్ఎస్ రెండో బాటిల్ అయ్యాక తను మొదట అన్న మాట: ‘ఇంత ఎండలో ఆ డిలే లెక్క మారిపోదా?’

మారుతుంది. ఇంజినీర్‌ని పెళ్లి చేసుకుంటే వడదెబ్బ అంచున కూడా ఇలాంటి ప్రశ్నలే వస్తాయి. పెరుగన్నం తింటూ ఫోన్లో లెక్క కట్టాం. ఒక్కో డిగ్రీ పెరిగితే గాలిలో ధ్వని వేగం సెకనుకు 0.6 మీటర్లు పెరుగుతుంది. 35 డిగ్రీల దగ్గర సుమారు 352 మీటర్లు. 180 మీటర్ల నడకకు 511 మిల్లీసెకన్లు. సాయంత్రం మిషిగన్ సరస్సు మీంచి చల్లగాలి తిరిగి 24 డిగ్రీలకు దిగిందనుకోండి (షికాగోలో అది మామూలే), అదే నడకకు 520 దాటుతుంది. తేడా 10 మిల్లీసెకన్ల దాకా ఉంటుంది. ఇందాక చెప్పిన హాస్ కిటుకుకి పెట్టుకున్న కాస్త జాగా మొత్తం ఇదే తినేసింది! మధ్యాహ్నం లెక్కతో రాత్రి కచేరీ నడిపితే, చివరి వరసల్లో పాట వేదిక వదిలి నెత్తి మీదికి వచ్చి కూర్చుంటుంది.

రిహార్సల్ అయ్యాక సీట్ల వెనక సౌండ్ కంట్రోల్ దగ్గర ఒకాయన కేబుళ్లు చుడుతున్నాడు. తను తిన్నగా వెళ్లి అడిగేసింది. నేను రెండడుగులు వెనక నిలబడ్డా. అడిగేవాళ్లు తక్కువేమో, ఆయన ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఆయన మాటల్లో నాకు కొత్తగా అనిపించినవి ఇవీ. మధ్యాహ్నం నేల కాలిపోతుంటే కింది గాలి వేడిగా, పైగాలి చల్లగా ఉంటుంది. అప్పుడు శబ్దం పైకి వంగి ఆకాశంలోకి పోతుంది, దూరంగా ఉన్నవాళ్లకి సన్నగా వినబడుతుంది. రాత్రి నేల చల్లబడ్డాక కింది గాలి చల్లగా, పైగాలి వెచ్చగా మారుతుంది. శబ్దం కిందికి వంగి అనుకోనంత దూరం వెళ్తుంది. ఊళ్లో రాత్రిపూట దూరపు రైలు కూత మన వెనకింట్లోదిలా వినబడటానికి ఇదో కారణం. మన దేశంలో 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 దాటితే ఆరుబయట మైకు ఆపాలి, నివాస ప్రాంతాల్లో రాత్రి పరిమితి 45 డెసిబెల్స్. నాబ్ తిప్పకపోయినా రాత్రికి పక్క కాలనీ నుంచి ఫిర్యాదులు పెరగడం వెనక ఈ వంపు కూడా ఉంటుందన్నమాట.

గాలి పొడిబారితే సన్నటి స్వరాలు దారిలోనే ఇంకిపోతాయి. ఎండకి గిటార్ తీగ సాగి శ్రుతి దిగుతుంది, ట్రంపెట్ లాంటి ఊదే వాద్యాల శ్రుతి మాత్రం పైకెక్కుతుంది. అంటే ఒకే ఎండ ఒకే బృందాన్ని రెండు వైపులా లాగుతుంది. ఇప్పటి ప్రాసెసర్లలో కొన్నింటికి ఉష్ణోగ్రత, తేమ చెబితే డిలే, ట్రెబుల్ సర్దుకునే సదుపాయం ఉంది. ఆ సాఫ్ట్‌వేర్ ఎవరో రాయాలి, ఎవరో టెస్ట్ చేయాలి. ఆయన అన్న ఈ చివరి మాట దగ్గర తను నా వైపు చూసింది.

సాయంత్రం కచేరీ బాగుంది. ఏం వాయించారో రాయడం మొదలుపెడితే పేజీ చాలదు. రెండో సగంలో సరస్సు గాలి నిజంగానే తిరిగింది. దుప్పటి చివర వరకూ లాగి ఇద్దరం నడిచి చూశాం, పాట వేదిక మీదే ఉంది.

టెంపరేచర్ ఎంత?

అప్పటిదాకా తన రెజ్యూమె మనందరి రెజ్యూమె లాంటిదే. జావా, పైథాన్, క్లౌడ్. ప్రాజెక్టు కింద ఐఓటీ బేస్డ్ ఏదో ఒకటి. రోజుకి 30 చోట్ల అప్లై చేసేది. మర్నాటి నుంచి రోజుకి మూడే. మిగతా టైమ్‌లో ఓ చిన్న పని మొదలుపెట్టింది. దూరం, ఉష్ణోగ్రత ఇస్తే డిలే చెప్పే పైథాన్ ప్రోగ్రామ్. తర్వాత అదే పనిని ఓ చవకైన ఎస్‌టీఎం32 బోర్డు మీద సీ భాషలో చేసింది. శాంపిల్స్ మధ్యలో పడే డిలేని ఎలా తేవాలి అన్నదగ్గర నాలుగు రోజులు ఇరుక్కుంది. ఒపెన్‌హైమ్ పుస్తకం మళ్లీ తెరిచింది. బీటెక్‌లో ఆ సబ్జెక్టుకి మేం చదివింది ఆల్-ఇన్-వన్.

ఆడియో పరికరాలు తయారుచేసే ఓ చిన్న కంపెనీ ఇంటర్వ్యూకి పిలిచింది. రెండో రౌండ్‌లో ప్రశ్న: ‘వేదికకు 100 మీటర్ల దూరంలో స్పీకర్ పెడుతున్నాం. డిలే ఎంత పెడతావు?’ 100ని 343తో భాగించి 291 మిల్లీసెకన్లు అని చెప్పొచ్చు, తప్పేం లేదు. తను మాత్రం ఎదురు ప్రశ్న వేసింది. ‘టెంపరేచర్ ఎంత?’

అక్కడి నుంచి గంట పైనే ఆ పచ్చిక, ఆ గాలి, ఆ బోర్డు గురించే మాట్లాడుకున్నారట. 83వ రోజు తను ఉద్యోగంలో చేరింది. డిజైన్ ఇంజినీర్‌గా కాదు, ఫర్మ్‌వేర్ టెస్టింగ్‌లో, ఏడాది కాంట్రాక్టు మీద. జీతం మా ఐటీ స్నేహితులకంటే తక్కువే. ఒక కచేరీ చూస్తే ఉద్యోగం వస్తుందని నేను చెప్పడం లేదు. ఆ 25 రోజుల్లో వేరే పదకొండు చోట్ల తిరస్కరించారు కూడా. కాకపోతే మొదటి 58 రోజుల్లో ఒక్కరు కూడా తనని గంటసేపు మాట్లాడించలేదు.

మన దగ్గర ఈ దారి ఎలా ఉందంటారా? కచేరీలు పెరుగుతున్నాయి. 2024 నవంబరులో దిల్జిత్ దోసాంజ్, 2025 ఫిబ్రవరిలో ఎడ్ షీరన్ హైదరాబాద్‌కు వచ్చారు. 2025 జనవరిలో అహ్మదాబాద్ నరేంద్ర మోదీ స్టేడియంలో కోల్డ్‌ప్లే రెండు రోజులు వాయించింది. నెలలు గమనించారా? అన్నీ చలికాలమే. మన ఎండలకి ఆరుబయట కచేరీల సీజన్ దాదాపు అక్టోబరు నుంచి మార్చి మొదటి వారాల వరకే. లైవ్ సౌండ్‌లోకి వెళ్లాలనుకుంటే మిగతా నెలలు ఏం చేస్తారో ముందే ఆలోచించుకోవాలి. ఆదాయం నెలనెలా ఒకేలా రాదు, మొదటి రెండేళ్లు కేబుళ్లు మోయాలి, లారీలు దింపాలి, తెల్లారేదాకా నిలబడాలి. ఇష్టం గట్టిగా ఉంటేనే దిగండి. శబ్దగ్రహణాన్ని కళగా నేర్చుకోవాలంటే పుణెలోని ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లో కోర్సులున్నాయి.

ఈసీఈ, ఈఈఈ, సీఎస్ఈ వాళ్లకి నా సలహా మాత్రం వేదిక వెనక ఉన్న కోడ్ వైపు చూడమని. ఇయర్‌బడ్స్‌లో నాయిస్ క్యాన్సిలేషన్, కారులో ప్రతి సీటుకీ సరిపడే సౌండ్, ఫోన్లో మైకులు, మీటింగ్ యాప్‌లో ప్రతిధ్వని తీసేయడం.. వీటన్నింటి లోపలా ఉన్నది డిలే, ఫిల్టర్లే. క్వాల్‌కామ్‌కి హైదరాబాద్‌లో, డాల్బీ, హార్మన్‌లకి బెంగళూరులో ఇంజినీరింగ్ సెంటర్లున్నాయి. ఉద్యోగ ప్రకటనల్లో ‘ఆడియో డీఎస్పీ’, ‘ఎంబెడెడ్ ఆడియో’, ‘అకౌస్టిక్ టెస్ట్’ అని వెతకండి. సాఫ్ట్‌వేర్ డెవలపర్ అని కొడితే వచ్చే లక్షల్లో ఇవి కనబడవు. ఖాళీలు తక్కువ, నిజమే. పోటీపడేవాళ్లు ఇంకా తక్కువ. నెట్‌వర్కింగ్ ఇష్టమైతే డాంటే అని ఒకటుంది, మామూలు ఈథర్‌నెట్ కేబుల్ మీద ఆడియో పంపే పద్ధతి. దాని సర్టిఫికేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం. కొలతలు నేర్చుకోవడానికి రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు.

ముందు మాత్రం మీ కాలేజీ గ్రౌండ్‌లో ఒక ప్రయోగం చేయండి. జర్మనీలోని ఆకెన్ యూనివర్సిటీ వాళ్లు తయారుచేసిన ఫైఫాక్స్ యాప్‌ని రెండు ఫోన్లలో వేసుకోండి. డబ్బులేం కట్టక్కర్లేదు. అందులో అకౌస్టిక్ స్టాప్‌వాచ్ ఉంటుంది, శబ్దం వినగానే మొదలై, రెండో శబ్దానికి ఆగుతుంది. మీరూ, మీ ఫ్రెండూ టేపుతో కొలిచి సరిగ్గా 20 మీటర్ల దూరంలో నిలబడి ఫోన్లు పక్కన పెట్టుకోండి. ముందు మీరు ఒక చప్పట్లు కొట్టండి, రెండు ఫోన్లలోనూ వాచ్ మొదలవుతుంది. తర్వాత తను కొట్టాలి, రెండూ ఆగుతాయి. రెండు వాచీల టైమ్‌లో తేడా ఎంతో చూడండి, ధ్వని 40 మీటర్లు నడవడానికి పట్టిన సమయం అది. శబ్దం పోనూ రానూ రెండు వైపులా నడుస్తుంది కాబట్టి గాలి వాటు ప్రభావం దాదాపు కొట్టుకుపోతుంది. తెల్లవారుజామున 28 డిగ్రీలప్పుడు సుమారు 115 మిల్లీసెకన్లు రావాలి, మధ్యాహ్నం 42 డిగ్రీలప్పుడు 112. ఒక్క రీడింగ్‌ని నమ్మకండి, పదేసి సార్లు తీసి సగటు కట్టండి. మధ్యాహ్నం రీడింగ్‌కి టోపీ, మంచినీళ్లు తీసుకెళ్లండి. ఫోన్‌ని ఎండలో నేల మీద పెట్టొద్దు, వేడెక్కితే మధ్యలోనే ఆగిపోతుంది. పుస్తకం నీడనైనా దాచండి.